పరదేశ విద్యాలయంలో ప్రథమ సెమిస్టరు

విద్య కోసం చైనా దేశానికైనా వెళ్ళవలసిందేనన్న మాట కళాశాల సభల్లో ఏటా ఎవరో ఒక వక్త నోట వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాట ప్రామాణ్యం విషయంలో హదీసు పండితులకు గట్టి సందేహాలున్నాయి. ఆ చర్చ మా పరిధిలోనిది కాదు. అయితే చైనా నుంచి ఒక విద్యార్థి మన తెలుగు నేలకు వచ్చాడన్నది మాత్రం చరిత్ర. క్రీ.శ. 639 ప్రాంతంలో హ్యూయన్‌త్సాంగ్ కృష్ణాతీరంలోని ధాన్యకటకానికి వచ్చి, కొన్ని నెలలు అక్కడే ఉండి, సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల వద్ద అభిధర్మ శాస్త్రాన్ని అధ్యయనం చేశాడు. ఆయన శిష్యుడైన హ్వీలీ రచించిన జీవిత చరిత్రలో ఈ వృత్తాంతం ఉంది. దాని వెంటనే మరొక చిన్న మాట కూడా ఉంది. ఆ భిక్షువులిద్దరూ తమ అతిథి వద్ద మహాయాన శాస్త్రాలు చదువుకున్నారట. వచ్చినవాడు శిష్యుడుగా కూర్చున్నాడు, గురువుగానూ కూర్చున్నాడు. నేడు మనం ‘వినిమయ విద్య’ అని పిలుస్తున్న దానికి ఇంతకంటె చక్కని నిదర్శనం మాకు తోచడం లేదు.

తెలుగు బోధించుకొనే మాకు ఈ విషయం మీద వ్రాయడానికి గల అధికారమేమిటని విద్యార్థులు అడుగవచ్చు. మేము విదేశాలలో చదివినవారము కాము. మా ఎం.ఏ. మన రాష్ట్రపు విశ్వవిద్యాలయంలోనే జరిగింది. కాని గత కొన్నేళ్ళుగా విదేశీ విశ్వవిద్యాలయాలకు వెళ్ళదలచిన పూర్వ విద్యార్థులు సిఫారసు లేఖల కోసం, సలహా కోసం మా వద్దకు రావడం పరిపాటి అయింది. వారిలో ఒకరికి మేము ఇచ్చిన సలహా వల్ల నష్టం జరిగింది. ఆ సంగతి యథాస్థానంలో మనవి చేస్తాము. ఈ వ్యాసం వ్రాయడానికి మా ముఖ్య ప్రేరణ అదే.

మొదట ఈ మాటకు అర్థం స్పష్టంగా తెలుసుకోవాలి. విదేశంలో చదివే ప్రతివాడూ వినిమయ విద్యార్థి కాడు. చిత్తూరు జిల్లా కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో చదివి వచ్చారు, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ప్రథమ ఉపాధ్యక్షులయ్యారు. మన కర్నూలుకు చెందిన డాక్టర్ అబ్దుల్ హఖ్‌గారు ఆక్స్‌ఫర్డులో పరిశోధన చేసి పట్టం పుచ్చుకొని వచ్చి, 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాలను స్థాపించారు. 2016లో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. వీరిరువురూ మహనీయులే. కాని వారు అక్కడి విశ్వవిద్యాలయంలోనే చేరి, అక్కడి పట్టమే పొందినవారు. నేడు బ్యాంకులో అప్పు చేసి అమెరికాకు ఎం.ఎస్. చదవడానికి వెళ్ళే యువకుడూ ఆ కోవలోనివాడే.

వినిమయ విద్యార్థి స్థితి వేరు. అతడు ఇక్కడి విశ్వవిద్యాలయపు విద్యార్థిగానే ఉంటాడు. అక్కడ ఒక సెమిస్టరో, రెండు సెమిస్టర్లో మాత్రమే చదువుతాడు. ఇరు విశ్వవిద్యాలయాల మధ్య ముందుగా ఒక ఒప్పందం ఉంటుంది. దాని ప్రకారం అతడు బోధనా రుసుమును ఇక్కడే చెల్లిస్తాడు, అక్కడ చెల్లించనక్కరలేదు. అక్కడినుంచి వచ్చేవాడు అక్కడే చెల్లించి ఇక్కడ ఉచితంగా చదువుతాడు. పట్టం ఇక్కడిదే. అక్కడ చదివినది క్రెడిట్ల రూపంలో ఇక్కడి లెక్కలోకి రావాలి. రాకపోతే ఆ ఆరు నెలలూ విహారయాత్ర క్రింద జమ. కష్టమంతా ఈ ‘రావాలి’ అన్న మాటలోనే ఉంది.

యూరపులో ఈ విధానానికి 1987లో ఒక స్థిరరూపం వచ్చింది. పారిస్‌లో చదివి, ట్యూరిన్‌లో పట్టం పొంది, కేంబ్రిడ్జిలో బోధించిన డచ్చి పండితుడు ఎరాస్మస్ పేరు ఆ పథకానికి కలిసివచ్చింది. మొదటి యేడు 11 దేశాలనుంచి 3,244 మంది విద్యార్థులు పాల్గొన్నారు. ఆ తరువాత అది లక్షల సంఖ్యకు పెరిగింది. యూరపు ఆవలి దేశాల వారికి కూడా 2004 నుంచి కొంత, 2015 నుంచి మరికొంత ద్వారం తెరిచారు. మన దేశానికి అమెరికాతో 1950 ఫిబ్రవరి 2వ తేదీన కుదిరిన ఫుల్‌బ్రైట్ ఒప్పందం వినిమయంలో పాతది. అయితే దాని లబ్ధి ఎక్కువగా పరిశోధకులకు, అధ్యాపకులకు చెందింది. మామూలు డిగ్రీ విద్యార్థికి అది అందనంత ఎత్తులోని కొమ్మ.

ఇక మన సంగతి దాచుకోకుండా చెప్పుకోవాలి. విదేశీ విద్యాసంస్థలతో కలసి చదువు చెప్పడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో నిబంధనలు వెలువరించింది. ‘ట్విన్నింగ్’ పద్ధతిలో విద్యార్థి తన మొత్తం క్రెడిట్లలో 30 శాతం దాకా విదేశంలో సంపాదించుకోవచ్చునని అందులో ఉంది. కాని అట్టి ఒప్పందానికి నేరుగా అర్హత కావాలంటే మన సంస్థకు నాక్‌లో కనీసం 3.01 అంకెయినా ఉండాలి, లేదా జాతీయ ర్యాంకులలో మొదటి నూరు విశ్వవిద్యాలయాలలో చోటయినా ఉండాలి, లేదా కేంద్రం గుర్తించిన విశిష్ట సంస్థయినా కావాలి. కర్నూలు, కడప ప్రాంతంలో వాన రాక కోసం ఆకాశం చూసే రైతుల పిల్లలు చదివే కళాశాలల్లో ఎన్నిటికి ఆ భాగ్యం ఉందో పాఠకులే ఊహించుకోవచ్చు. కనుక మన విద్యార్థికి దారి చుట్టుదారి. ఇక్కడ డిగ్రీ బాగా చదివి, ఒప్పందాలున్న ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో ఎం.ఏ.కో, ఎం.ఎస్సీ.కో చేరి, అక్కడినుంచి వెళ్ళాలి. అంటే విదేశయానానికి సన్నాహం ఇక్కడి మొదటి సంవత్సరంలోనే మొదలు కావాలి.

అట్లు వెళ్ళినవారిలో కర్నూలు పాతబస్తీ కుర్రవాడొకడు. తండ్రి బండి మీద పండ్లమ్ముతాడు. చరిత్రలో ఎం.ఏ. చేస్తూ, 2023 శీతకాలపు సెమిస్టరుకు దక్షిణ జర్మనీలోని ఒక పాత విశ్వవిద్యాలయానికి ఎంపికయ్యాడు. నెలనెలా భృతి ఉండటం వల్లనే వెళ్ళగలిగాడు. భృతి లేనివారు ఖర్చులకు డబ్బున్నదని వీసా సమయంలో ఋజువు చూపాలి. 2024 సెప్టెంబరులో జర్మనీ ఆ మొత్తాన్ని నెలకు 992 యూరోలుగా, సంవత్సరానికి 11,904 యూరోలుగా నిర్ణయించింది. మన రూపాయలలో పది లక్షలకు పైమాట. పండ్ల బండి ఎన్నేళ్ళు తోస్తే అంత వస్తుందో లెక్క వేయబోము.

ఆ కుర్రవాడు చేరిన వారం నుంచి మాకు ఉత్తరాలు వ్రాసేవాడు. కాగితం మీద కాదు, ఫోనులోనే, అయినా ఉత్తరాలంత పొడుగున్నవి. వాటినుంచి మేము నేర్చుకొన్నదే ఇక్కడ చెప్పబోతున్నాము.

ఊరిలో దిగిన రెండు వారాల్లోగా నగర కార్యాలయంలో తన చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు పత్రం లేనిదే తక్కిన పనులు చాలా వరకు ముందుకు సాగవు. ఆరోగ్య బీమా లేనిదే విశ్వవిద్యాలయంలో చేర్చుకోరు. ఇవన్నీ ముందుగా తెలుసుకొని వెళ్ళినవాడికి రెండు రోజుల పని, తెలియనివాడికి నెల రోజుల వేదన. ఇంతకుమించి వాటి గురించి వ్రాయనక్కరలేదు. ప్రతి విశ్వవిద్యాలయమూ ఈ వివరాలు వివరంగానే పంపుతుంది. చదవకపోవడమే మనవాళ్ళ లోపం.

మొదటి తరగతి పది గంటలకని కాలపట్టికలో ఉంది. కుర్రవాడు పది నిమిషాలు ముందే వెళ్ళి కూర్చున్నాడు. పది అయింది, ఒక్కరూ లేరు. తప్పు గదికి వచ్చానేమోనని కంగారుపడి మెట్లన్నీ ఎక్కి దిగి చూశాడు. పదింబావుకు గది నిండింది, అధ్యాపకుడు వచ్చాడు. అక్కడ గంట ప్రక్కన రెండు చిన్న అక్షరాలు వేస్తే పావుగంట తరువాత మొదలని అర్థమట. గడియార స్తంభపు గంట విని, ఒక గదినుంచి మరొక గదికి నడచి రావడానికి పూర్వకాలంలో ఇచ్చిన వ్యవధి నేటికీ ‘విద్యా పావుగంట’గా నిలిచిపోయింది. పాఠం ముగియగానే విద్యార్థులంతా వేళ్ళ కణుపులతో బల్లల మీద టకటక కొట్టారు. మన వద్ద అది అల్లరి. అక్కడ అది అధ్యాపకునికి చెప్పే కృతజ్ఞత. మా కుర్రవాడు మొదటి రోజున బల్ల తాకడానికే భయపడ్డాడు.

ఇవి తమాషా సంగతులు. అసలు కష్టం సెమినారులో వచ్చింది. ఉపన్యాసపు తరగతిలో వందమంది మధ్య మౌనంగా కూర్చోవచ్చు. సెమినారులో పదిహేను మంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు, ముందువారం ఇచ్చిన వ్యాసాన్ని అందరూ చదువుకొని వస్తారు, ఒక్కొక్కరే దాన్ని ఖండించడమో, సమర్థించడమో చేస్తారు. అధ్యాపకుడు తక్కువ మాట్లాడతాడు. మూడు వారాలు మా కుర్రవాడు నోరు విప్పలేదు. ఇంగ్లీషు రాక కాదు. అతని ఇంగ్లీషు అక్కడివారిలో కొందరి ఇంగ్లీషు కంటె మేలు. అతడు మాకు వ్రాసిన మాట ఇది: “సార్, చెప్పడానికి నాకు అభిప్రాయమే లేదు. పుస్తకంలో ఏమున్నదో చెప్పగలను. అది వాళ్ళందరికీ తెలుసు.”

ఈ వాక్యం చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదనడంలో అతిశయోక్తి లేదు. ఎందుకంటే డిగ్రీ మూడేళ్ళూ అతనికి పాఠం చెప్పినవారిలో మేమూ ఒకరము. తరగతిలో నిలబడి నోట్సు చెప్పి వ్రాయించినది మేమే. ‘ఈ ప్రశ్న మూడుసార్లు వచ్చింది, ఈసారీ రావచ్చు’ అని గుర్తులు పెట్టించినది మేమే. ఏ కవి గొప్పవాడో, ఎందుకు గొప్పవాడో మేమే చెప్పి, మా మాటలే జవాబు పత్రంలో తిరిగి చదువుకొని, మార్కులు వేసి సంతోషించాము. అతనికి అభిప్రాయం లేకపోవడం అతని లోపమని ఎట్లా అనగలము?

సెమిస్టరు మధ్యలో అతడు ఇరవై పుటల వ్యాసం సమర్పించాలి. మనకు అలవాటైన ధోరణిలోనే నాలుగు గ్రంథాలు ముందు పెట్టుకొని, అక్కడొక పేరా, ఇక్కడొక పేరా తీసి, నడుమ తన మాటలతో అతుకులు వేసి ఒక ముసాయిదా తయారు చేశాడు. అదృష్టవశాత్తు అది ముసాయిదాగానే అధ్యాపకురాలికి చూపించాడు. ఆమె ప్రతి పేరా అంచున ఒకే ప్రశ్న వ్రాసి తిరిగి ఇచ్చింది: ఇది ఎవరి మాట? మూలం చెప్పకుండా ఒక వాక్యం తీసుకొన్నా అక్కడ చౌర్యంగానే పరిగణిస్తారు. దానికి శిక్ష పరీక్షలో తప్పించడంతో మొదలవుతుంది. ఆమె మందలించలేదు, ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఏ మాట ఎవరిదో ఎట్లా చూపాలో, తన మాట ఎక్కడ మొదలవుతుందో ఎట్లా తెలపాలో గంటసేపు చెప్పింది. అతడు మొత్తం చింపివేసి మళ్ళీ వ్రాశాడు. ఆ రెండవ వ్యాసం ఏ విషయం మీదనో తెలుసా? పాతబస్తీలో తన తాతగారి కాలపు నీటి కరవు మీద, వేసవిలో తుంగభద్ర ఇసుకలో చెలమలు తోడుకొన్న వైనం మీద, ఆనాటి ప్రభుత్వ నివేదికలకూ ఇంటి పెద్దల జ్ఞాపకాలకూ గల తేడా మీద. ఆ విషయంలో అతనికి అభిప్రాయం ఉంది. సెమినారులో ఆ వ్యాసం చదివిన రోజున అందరూ అతణ్ణే ప్రశ్నలడిగారు. ధాన్యకటకంలో చైనా యాత్రికునికి దక్కిన స్థానం ఆ మధ్యాహ్నం ఒక గంటసేపు మన కర్నూలు కుర్రవానికీ దక్కింది.

మన కడపకు ఒకప్పుడు ఇట్లే ఒక పరదేశీయుడు వచ్చాడని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు చేరి, అక్కడి కళాశాలలో తెలుగు చదివి, 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు. కళాశాల తెలుగుతో తృప్తిపడలేదు. కడపలో బంగళా కొని, అందులో పండితులను నియమించి, వారి ప్రక్కన కూర్చొని కావ్యాలు పరిష్కరించాడు. ఎంత చదివి వెళ్ళినా పరాయి దేశంలో మొదట ఒకరి ప్రక్కన కూర్చోవాలి, తెలియదని చెప్పాలి. మన పిల్లలకు ఆ మాట నోటికి రాదు. తెలియదంటే గౌరవం పోతుందని మనమే నేర్పాము.

ఫలితాలు వచ్చినప్పుడు ఒక చిత్రం జరిగింది. వ్యాసానికి 1.7 వచ్చిందని కుర్రవాడు ఇంటికి ఫోనులో చెప్పాడట. మరుసటి ఉదయమే తండ్రి కళాశాల గేటు వద్ద నిలబడి ఉన్నాడు. “ఏం సార్, పిల్లోడు తప్పినాడా ఏంది? ఒకటిన్నర మార్కంట!” అన్నాడు కళ్ళ నీళ్ళతో. జర్మనీలో 1.0 అన్నది అత్యుత్తమం, 4.0 దాటితే తప్పినట్లు, అంకె పెరిగిన కొద్దీ నాణ్యం తగ్గుతుందని చెప్పడానికి మాకు చాలాసేపు పట్టింది. చివరికి “రేసులో మొదట వచ్చినోడికి ఒకటో నంబరు ఇస్తారు కదా భాయ్” అన్న తరువాత ఆయన ముఖం విప్పారింది. బండి మీది సపోటాలు రెండు మా చేతిలో పెట్టి వెళ్ళాడు.

ఇక లెక్క సంగతి. యూరపులో ఒక సెమిస్టరుకు 30 క్రెడిట్లు. ఒక్కొక్క క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ అని అర్థం. ఆ శ్రమలో తరగతిలో కూర్చున్నదే కాక గ్రంథాలయంలో చదివినదీ, గదిలో వ్రాసినదీ అంతా చేరుతుంది. మన పాత లెక్కలో ఒక క్రెడిట్ అంటే సుమారు 15 గంటల పాఠం. అంటే వారు విద్యార్థి శ్రమను కొలిచారు, మేము అధ్యాపకుని గొంతును కొలిచాము. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రంలో మనవారు కూడా 30 గంటల శ్రమను ప్రమాణంగా తీసుకొన్నారు. 2021 నుంచి క్రెడిట్లను దాచుకొనే విద్యా బ్యాంకు కూడా ఏర్పడింది. అయినా అక్కడి ఆరు క్రెడిట్ల పాఠం ఇక్కడ ఎన్నిటికి సమానమో ముందుగా వ్రాతపూర్వకంగా తేల్చుకోవాలి. దానికే ‘అధ్యయన ఒప్పందం’ అనే పత్రం ఉంటుంది. వెళ్ళే విద్యార్థి అక్కడ చదవబోయే పాఠాలేవో, ఇక్కడ అవి ఏ పాఠాలకు బదులుగా చెల్లుతాయో అందులో వ్రాస్తారు. విద్యార్థి, ఇక్కడి విభాగం, అక్కడి విభాగం, ముగ్గురూ సంతకం చేయాలి.

పూర్వం మన మదరసాలలో ‘ఇజాజత్’ అని ఒకటి ఉండేది. ఏ గ్రంథం ఏ గురువు వద్ద చదివాడో, బోధించే అర్హత ఉన్నదో లేదో ఆ గురువే వ్రాసి ఇచ్చేవాడు. విద్యార్థి బగ్దాదు నుంచి కైరోకు వెళ్ళినా ఆ కాగితమే అతని పరిచయం. నేటి విశ్వవిద్యాలయం గురువును బట్టి కాక పత్రాన్ని బట్టి నడుస్తుంది. మంచికో చెడుకో అది అంతే.

మహాకవి ఇక్బాల్ విషయంలో ఈ గుర్తింపు సమస్య సుఖాంతమైంది. ఆయన 1905లో కేంబ్రిడ్జిలో చేరాడు, 1907 వేసవిలో జర్మను భాష నేర్వడానికి హైడల్‌బర్గులో ఉన్నాడు, ఆ యేడు నవంబరులోనే మ్యూనిక్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరు పట్టం ఇచ్చింది. మ్యూనిక్‌లో రెండు టర్ములు నివసించి చదవాలన్న నియమం నుంచి ఆయనకు మినహాయింపు లభించింది. సిద్ధాంత వ్యాసాన్ని ఇంగ్లీషులోనే సమర్పించడానికీ అనుమతి దొరికింది. నెకార్ నదీతీరపు సాయంకాలం మీద ఆయన ఉర్దూలో కవిత వ్రాశాడని మన విద్యార్థులకు తెలుసు. ఆ నది ఒడ్డున ఒక భాగానికి హైడల్‌బర్గు నగరం ఆయన పేరు పెట్టిందని తెలిసినవారు తక్కువ. మా కుర్రవాడు ఒక ఆదివారం రైలెక్కి వెళ్ళి ఆ పలక ప్రక్కన నిలబడి ఫోటో తీయించుకొని పంపాడు.

పాపం, అతనికి ఇక్బాల్ అదృష్టం పట్టలేదు. ఒప్పందంలో వ్రాసుకొన్న నాలుగు పాఠాలలో ఒకటి ఆ సెమిస్టరులో జర్మను భాషలోనే చెబుతారని అక్కడికి వెళ్ళాక తెలిసింది. దాని బదులు ఇంగ్లీషులో చెప్పే మరొక పాఠం తీసుకొన్నాడు. మార్పు జరిగినప్పుడు కొద్ది వారాల్లోగా ఆ మార్పుల పత్రం మీద మళ్ళీ ముగ్గురూ సంతకం చేయాలి. అక్కడివారు చేశారు. ఇక్కడికి పంపిన పత్రం ఒక అధికారి సెలవు వల్ల ఆగిపోయింది. ఏం చేయమంటారని మమ్మల్ని అడిగాడు. “మెయిలు పంపావు కదా, తిరిగి వచ్చాక చూసుకోవచ్చులే” అన్నాము. మేము చెప్పిన మాట ఇదే. తిరిగి వచ్చిన తరువాత ఆ పాఠం లెక్కకు రాలేదు. పైగా అక్కడి తరగతులు ఫిబ్రవరి మధ్య దాకా సాగుతాయి, ఇక్కడి కొత్త సెమిస్టరు జనవరిలోనే మొదలవుతుంది. హాజరు కొరత ఒకవైపు, లెక్కకు రాని పాఠం మరొకవైపు. ఆ ఒక్క పేపరు కోసం అతడు మరుసటి యేడు తన తరువాతి తరగతివారితో కూర్చొని పరీక్ష వ్రాశాడు. పట్టం ఆలస్యమైంది, ఒక ఉద్యోగ ప్రకటన గడువు దాటిపోయింది. అతడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

దీని తరువాత చలి గురించి, తిండి గురించి వ్రాయడం చిన్నతనంగా తోస్తుంది గాని, తల్లిదండ్రులు మొదట అడిగేవి అవే. డిసెంబరులో అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో జుహర్ వేళ మొదలైతే, నాలుగున్నరకు మగ్రిబ్ వచ్చేస్తుంది. మూడు నమాజులు ఒక తరగతికీ మరొక తరగతికీ నడుమ ఇరుకుతాయి. ఇక్కడ పడమర తిరిగి నిలబడే మనం అక్కడ ఆగ్నేయానికి తిరగాలి. టర్కీ వారి దుకాణాలలో హలాల్ మాంసం దొరుకుతుంది. బియ్యం దొరుకుతుంది, జొన్నపిండి సులభంగా దొరకదు. మా కుర్రవాడు తల్లి కట్టి ఇచ్చిన కొర్రల సంచిని సంక్రాంతి దాకా లాగించాడు.

ఇప్పుడు బాలికల విషయం. 1895లో హైదరాబాదు నిజాం విద్యార్థి వేతనంతో పదహారేళ్ళ సరోజిని ఇంగ్లండుకు చదువుకు వెళ్ళింది. నూట ఇరవై తొమ్మిదేళ్ళ తరువాత, 2024లో, కడపకు చెందిన మా పూర్వ విద్యార్థిని ఒక యూరపు విశ్వవిద్యాలయానికి వినిమయం క్రింద ఎంపికైంది. తండ్రి మూడు నెలలు ఒప్పుకోలేదు. ఆయన అత్తమామలు, జమాతు పెద్దలు, చివరకు మేమూ పోయి కూర్చొని మాట్లాడాము. ఒప్పుకొన్నాడు, ఒప్పుకోవడమే కాక చలికోటు తానే కొని తెచ్చాడు. అడ్డు పడింది మరొకటి. పదవ తరగతి పత్రంలో ఆమె పేరుకు ముందు ‘ఎస్.కె.’ అని పొడి అక్షరాలున్నాయి. ఆధారు కార్డులో ‘షేక్’ అని పూర్తిగా ఉంది, ఇంగ్లీషు అక్షరాలలో చివర ‘హెచ్’ చేర్చి. పాసుపోర్టులో ‘హెచ్’ లేదు, ఇంటిపేరు గడి ఖాళీ. ఒకచోట పేరు చివర ‘బీ’, మరొకచోట ‘బేగం’. ఎంపిక లేఖ ఒక పేరున, బ్యాంకు ఖాతా ఇంకొక పేరున. వీరంతా ఒక్క మనిషేనని ఋజువు చేయడానికి తిరగవలసిన చోట్లన్నీ తిరిగారు. సవరణ చేతికి వచ్చేసరికి గడువు ముగిసి పదకొండు రోజులైంది. ఆ స్థానం జాబితాలోని తరువాతివారికి పోయింది. చలికోటు నేటికీ ఆ ఇంట బీరువాలో ఉంది.

ఈ చిక్కు మన పిల్లలకు ప్రత్యేకం. షేక్, సయ్యద్, పఠాన్, మొఘల్ అన్నవి బడిలో చేర్చిననాడు ఉపాధ్యాయుడు తనకు తోచినట్లు వ్రాస్తాడు. తల్లిదండ్రులు చూసుకోరు. దూదేకుల వారి ఇళ్ళలో తెలుగు ఇంటిపేరు కూడా ఉంటుంది, అది ఒక పత్రంలో ఎక్కి మరొకదానిలో ఎక్కదు. పాసుపోర్టులో పేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ‘మొదటి పేరు తెలియదు’ అని ముద్రిస్తారు. ఇరవై యేళ్ళు ఒక పేరుతో పెరిగిన పిల్లకు ఆ అక్షరాలు చూడటం ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

కళాశాల కమిటీ వారికి మా మనవి రెండు విషయాలలో ఉంది. వారానికి ఒక గంట, ఏ శాఖలోనైనా సరే, నోట్సు చెప్పని తరగతి పెట్టాలి. పదిహేను మంది విద్యార్థులు, ముందుగా చదువుకొని వచ్చిన ఒక్క వ్యాసం, అధ్యాపకుని మౌనం. మేము ఈ యేడు బి.ఏ. రెండవ సంవత్సరంలో ప్రయత్నించాము. మొదటి రెండు వారాలు గది నిశ్శబ్దంగా ఉంది. మూడవ వారం వెనుక బల్లనుంచి ఒక అమ్మాయి లేచి, మేము ఇచ్చిన వ్యాసంలోని వాదన తప్పని చెప్పింది. ఆమె చెప్పినది సరిగా లేదు, అయినా చెప్పింది. ఇందుకు డబ్బు అక్కరలేదు, కాలపట్టికలో చోటు కావాలి.

రెండవది, కమిటీ అనుమతించినందున, ఇప్పటికే ప్రారంభించాము. తెలుగు శాఖలో ఒక రిజిస్టరు పెట్టాము. ప్రథమ సంవత్సరపు విద్యార్థులు ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు గంటల తరువాత పదవ తరగతి పత్రం, జనన ధృవపత్రం, ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకం తెచ్చుకొని రావచ్చు. నాలుగింటిలోనూ పేరు ఇంగ్లీషు అక్షరాలతో సహా ఒకటేనో కాదో సరిచూచి, తేడా ఉన్నవారికి దరఖాస్తు వ్రాసి పెడతాము. ఇంతవరకు నలభై ముగ్గురు వచ్చారు. ముప్ఫై ఒకరి పత్రాలలో తేడా ఉంది.